పెన్ డ్రైవ్‌లో అమ్మమ్మ గొంతు: కంప్యూటర్ వీడియో మన హాల్లో టీవీ దాకా ఎలా వచ్చింది?

ఈ రోజు ఎపిసోడ్‌ని ఒక పెన్ డ్రైవ్‌తో మొదలుపెడదాం.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళాను. మాది తెనాలి. పిన్ని వాళ్ళు, మావయ్య వాళ్ళు అందరూ వచ్చారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరం హాల్లో కూర్చుంటే, అమ్మ బీరువాలోంచి ఒక డీవీడీ తీసుకొచ్చింది. 2008లో జరిగిన మా అక్క ఓణీల ఫంక్షన్ డీవీడీ. అందులో మా అమ్మమ్మ హారతి పాట పాడుతుంది. నేను బీటెక్ ఫైనల్ ఇయర్‌లో ఉండగా అమ్మమ్మ పోయింది. ఆవిడ గొంతు రికార్డయి ఉన్నది మా ఇంట్లో ఆ ఒక్క డిస్క్‌లోనే. చేతిలో ఫోన్ ఉన్నా, ఉన్నన్నాళ్ళూ రికార్డ్ చేసుకోవాలని మాకెవరికీ తట్టలేదు.

డీవీడీ ప్లేయర్ ఎప్పుడో పాత సామాన్లవాడికి వెళ్ళిపోయింది. నా లాప్‌టాప్‌కి డిస్క్ పెట్టే చోటే లేదు. మావయ్య వాళ్ళింట్లో ఉన్న పాత కంప్యూటర్‌లో డిస్క్ పెట్టి, ఫైల్స్ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్ని తెచ్చి మా కొత్త స్మార్ట్ టీవీకి పెట్టాను. బొమ్మ వచ్చింది. షామియానా, పూల దండలు, పట్టు చీరలు, అన్నీ వచ్చాయి. అమ్మమ్మ హారతి పళ్ళెం పట్టుకుని ముందుకొచ్చింది. నోరు కదులుతోంది. కానీ సౌండ్ లేదు. కింద చిన్న అక్షరాల్లో ఒక మెసేజ్: ఈ ఆడియో ఫార్మాట్‌కి సపోర్ట్ లేదు.

"టీవీ పాడైందా నాన్నా?" అంది అమ్మ.

"లేదమ్మా, టీవీ బానే ఉంది."

"పోనీ డిస్క్ పాడైందా?"

"అదీ బానే ఉంది."

"అన్నీ బానే ఉంటే మరి మా అమ్మ గొంతేది రా?"

నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌గా పనిచేసిన నేను ఆ ప్రశ్నకి వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. అమ్మ ఇంకేం అనకుండా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నేను వెతకడం మొదలుపెట్టింది సౌండ్ కోసమే. వెతుకుతూ వెతుకుతూ పాతికేళ్ళ చరిత్రలోకి వెళ్ళిపోయాను. ఆ చరిత్రే ఈ రోజు మీకు చెప్పబోతున్నాను.

ముందు ఒక చిన్న లెక్క చేద్దాం. వీడియోని అసలు కుదించకుండా ఉన్నదున్నట్టు దాచుకుంటే ఎంత చోటు కావాలి? పాత టీవీ బొమ్మ అంటే అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. సెకనుకి 25 బొమ్మలు. అంటే ఒక్క సెకనుకి దాదాపు 15 ఎంబీ. ఆ లెక్కన 700 ఎంబీ సీడీలో నిమిషం వీడియో కూడా పట్టదు. అందుకే వీడియోని కుదించాలి. కుదించే, మళ్ళీ విప్పే పద్ధతినే కోడెక్ అంటారు.

ఇంకో మాట కంటైనర్. దీన్ని టిఫిన్ క్యారేజీ అనుకోండి. ఒక గిన్నెలో బొమ్మ, ఇంకో గిన్నెలో సౌండ్, మరో దాంట్లో సబ్‌టైటిల్స్. ఏవీఐ, ఎంపీ4, ఎంకేవీ, ఇవన్నీ క్యారేజీల పేర్లు. ఫైల్ పేరు చివర ఎంపీ4 అని ఉందంటే మనకి క్యారేజీ ఏ రకమో తెలిసిందంతే, లోపల ఏ కూర ఉందో తెలీదు. మా టీవీకి క్యారేజీ తెరవడం వచ్చు, బొమ్మ గిన్నె తెరవడమూ వచ్చు. సౌండ్ గిన్నె మూత మాత్రం రాలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ ఇక్కడికే వస్తాం.

ఇక కథలోకి. 1993లో ఫిలిప్స్, సోనీ, మత్సుషిత, జేవీసీ కలిసి వీడియో సీడీ పద్ధతి తయారుచేశాయి. అదే మన వీసీడీ. అందులో వాడిన కోడెక్ పేరు ఎంపెగ్-1. బొమ్మ సైజు 352 బై 288, అంటే ఇందాక చెప్పిన టీవీ బొమ్మలో నాలుగో వంతు కంటే తక్కువ. ఒక డిస్క్‌లో 74 నిమిషాలు పట్టేది. మన సినిమాలేమో రెండున్నర గంటలు. అందుకే రెండు మూడు డిస్కులు. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇంటర్వెల్ సినిమా వాళ్ళు పెట్టిన చోట వచ్చేది కాదు, డిస్క్ అయిపోయిన చోట వచ్చేది. నాన్న లేచి డిస్క్ మార్చేలోపు అమ్మ కుక్కర్ కట్టేసి వచ్చేది. 1996లో జపాన్‌లో డీవీడీ వచ్చింది. 4.7 జీబీ, ఎంపెగ్-2 కోడెక్, బొమ్మ చాలా నయం.

వీసీడీ ప్లేయర్ అయినా డీవీడీ ప్లేయర్ అయినా, విప్పే పని చేసేది లోపలి చిప్. ఆ చిప్ ఫ్యాక్టరీలో ఏం నేర్చుకుని వస్తే జీవితాంతం అదే. కంప్యూటర్ అలా కాదు. దానికి కొత్త కోడెక్ కావాలంటే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ వేస్తే చాలు. రోజుకో కొత్త భాష నేర్చుకుంటుంది. హాల్లో ఉన్న టీవీ పెట్టె మాత్రం పుట్టినప్పుడు వచ్చిన ఒక్క భాషతోనే బతికేది. మనం చెప్పుకునే చరిత్ర మొత్తం ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

కంప్యూటర్ వైపు ఏం జరిగిందో చూద్దాం. 1996లో ప్యారిస్ దగ్గర ఎకోల్ సెంట్రల్ అనే ఇంజినీరింగ్ కాలేజీ. మనలాగే హాస్టల్ కుర్రాళ్ళు. క్యాంపస్ నెట్‌వర్క్ నడిపేది స్టూడెంట్సే. అది చాలా నెమ్మది, గేమ్స్ ఆడుకోవడానికి కూడా సరిపోదు. కొత్త నెట్‌వర్క్ కావాలంటే దానికో గట్టి కారణం చూపించాలి కదా. అందుకని శాటిలైట్ టీవీ వీడియోని క్యాంపస్ అంతా నెట్‌వర్క్‌లో పంపే ప్రాజెక్ట్ ఒకటి పెట్టుకున్నారు. ఒక్క డిష్ చాలు, ప్రతి గదిలో కంప్యూటర్ మీదే టీవీ చూడొచ్చు. ఆ ప్రాజెక్ట్ కోసం రాసుకున్న ప్లేయరే తర్వాత వీఎల్‌సీ అయింది. అవును, మీ అందరికీ తెలిసిన ఆ ఆరెంజ్ కోన్ బొమ్మే. 2001 ఫిబ్రవరి 1న కాలేజీ ఒప్పుకుని ఆ కోడ్‌ని అందరికీ ఓపెన్ చేసింది. గమనించారా, వాళ్ళు టీవీని కంప్యూటర్‌లోకి తెచ్చారు. మన కథ దానికి రివర్స్: కంప్యూటర్ వీడియోని టీవీలోకి తేవడం. అది చాలా కష్టమైంది. ఎందుకంటే అక్కడ తాళాలున్నాయి.

మొదటి తాళం కథ ఫ్రాన్స్‌లోనే. 1990ల చివర్లో మైక్రోసాఫ్ట్ దగ్గర ఎంపెగ్-4 ఆధారంగా చేసిన ఒక మంచి కోడెక్ ఉండేది. సైజు బాగా తగ్గించేది, క్వాలిటీ పెద్దగా పోయేది కాదు. కానీ దాన్ని తమ సొంత ఏఎస్‌ఎఫ్ క్యారేజీలోనే వాడాలని తాళం వేశారు. అందరూ వాడే ఏవీఐలో పెట్టుకోవడానికి లేదు. జెరోమ్ రోటా అనే ఫ్రెంచ్ కుర్రాడు ఆ తాళం ఊడగొట్టి, కోడెక్‌ని ఏవీఐలో పనిచేసేలా మార్చి వదిలాడు. దానికి పెట్టిన పేరు డివ్‌ఎక్స్, పక్కన కన్ను కొట్టే స్మైలీతో సహా.

ఆ పేరులో ఒక వెటకారం ఉంది. అప్పుడే అమెరికాలో సర్క్యూట్ సిటీ అనే షాపుల కంపెనీ డివ్‌ఎక్స్ పేరుతోనే ఒక డిస్క్ అమ్మేది. డిస్క్ కొనుక్కుంటే 48 గంటలు చూడొచ్చు. తర్వాత చూడాలంటే మళ్ళీ డబ్బు కట్టాలి. మీరు ఎప్పుడు చూశారో లెక్క చెప్పడానికి ప్లేయర్‌ని ఫోన్ లైన్‌కి కలపాలి. డిస్క్ మీ ఇంట్లోనే ఉంటుంది, తాళంచెవి కంపెనీ దగ్గర ఉంటుంది. జనం కొనలేదు. 1999 జూన్‌లో దాన్ని మూసేశారు. ఆ పేరునే తీసుకుని, తాళం లేని కోడెక్‌కి తగిలించాడన్నమాట.

దాంతో ఏమైంది? ఒక పూర్తి సినిమా ఒక్క 700 ఎంబీ సీడీలోకి వచ్చేసింది. వీసీడీ రెండు డిస్కుల్లో ఇచ్చే దానికంటే మంచి బొమ్మతో. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ కోడెక్‌ని ప్రపంచమంతా మోసింది ఎక్కువగా పైరసీనే. డీవీడీలు కాపీ కొట్టి సీడీల్లో ఎక్కించి పంచుకున్నారు. మనూళ్ళోనూ అంతే. ఆ సినిమాలు తీసినవాళ్ళకి రూపాయి కూడా రాలేదు. అది మంచి పని అని నేను అనను. కానీ టెక్నాలజీ పెరిగిన దారి అదే, చరిత్ర చెప్పేటప్పుడు దాన్ని తుడిచేయలేం.

2000లో రోటా, మరికొందరు కలిసి అమెరికాలో శాన్ డియేగోలో కంపెనీ పెట్టారు. మైక్రోసాఫ్ట్ కోడ్ లేకుండా కొత్తగా రాయడం మొదలుపెట్టారు. 2001 జనవరిలో ఓపెన్‌డివ్‌ఎక్స్ అని సోర్స్ కోడ్ బయటపెట్టారు. బయటి ప్రోగ్రామర్లు వచ్చి చేయి వేశారు. కొన్నాళ్ళకి కంపెనీ ఆ ఓపెన్ ప్రాజెక్ట్ పక్కన పెట్టేసి, తన వెర్షన్ తలుపులు మూసేసుకుంది. పనిచేసినవాళ్ళకి మండింది. అప్పటికి ఓపెన్‌గా ఉన్న కోడ్ తీసుకుని వేరే కుంపటి పెట్టారు. దాని పేరు ఎక్స్‌విడ్. ఇంగ్లిష్‌లో డివ్‌ఎక్స్ అక్షరాలు వెనక నుంచి చదివితే ఎక్స్‌విడ్. తాళం ఊడగొట్టినవాడి కంపెనీయే తాళం వేస్తే, దానికీ ఇంకొకడు తయారన్నమాట.

సరే, కంప్యూటర్‌లో సినిమా వచ్చింది. టీవీ సంగతేంటి? కంప్యూటర్ ఒక గదిలో, టీవీ హాల్లో. కొందరు టీవీ-అవుట్ ఉన్న గ్రాఫిక్స్ కార్డ్ కొని, గోడ వెంబడి పొడుగాటి కేబుల్ లాగేవాళ్ళు. పాజ్ చేయాలంటే లేచి గదిలోకి పరిగెత్తడమే. అమ్మా నాన్నా కూర్చుని చూసే పద్ధతి కాదది.

2003లో డెన్మార్క్‌కి చెందిన కిస్ టెక్నాలజీ అనే చిన్న కంపెనీ డీపీ-450 అనే ప్లేయర్ తెచ్చింది. మామూలు డీవీడీ ప్లేయర్‌లాగే ఉంటుంది, కానీ డివ్‌ఎక్స్, ఎక్స్‌విడ్ ఫైల్స్ ఉన్న సీడీ పెడితే ఆడుతుంది. అలా ఆడిన మొదటి డీవీడీ ప్లేయర్‌గా దానికి పేరు. పెద్ద పెద్ద టీవీ కంపెనీలు కాదు, డెన్మార్క్‌లో ఒక చిన్న కంపెనీ చేసింది ఈ పని. దానికీ ఒక మచ్చ ఉంది. 2004 జనవరిలో ఎంప్లేయర్ అనే ఓపెన్ సోర్స్ ప్లేయర్ టీమ్, తమ సబ్‌టైటిల్ కోడ్‌ని కిస్ తన పెట్టెలో వాడుకుని, లైసెన్స్ ప్రకారం సోర్స్ బయటపెట్టలేదని ఆరోపించింది. కంపెనీ ఆ మాట ఒప్పుకోలేదు.

ఆ తర్వాత చైనా చిప్పులతో చవక ప్లేయర్లు వరసగా వచ్చేశాయి. మా ఇంటికి యూఎస్‌బీ ఉన్న డీవీడీ ప్లేయర్ వచ్చింది నేను ఆరో తరగతిలో ఉండగా. ఒక్క డిస్క్‌లో ఐదారు సినిమాలు! ఐతే ఒక ఫైల్ ఆడేది, అచ్చం అలాంటిదే ఇంకొకటి ఆడేది కాదు. అప్పుడు మాకు కారణం తెలీదు, డిస్క్‌ని బనీను గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టేవాళ్ళం. ఇప్పుడు తెలుసు. ఎన్‌కోడ్ చేసినవాడు ఎక్స్‌విడ్‌లో ఒకటి రెండు అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ ఎక్కువ వాడితే ఆ చిప్‌కి అర్థమయ్యేది కాదు. గుడ్డ తప్పేం లేదు.

సబ్‌టైటిల్స్ సంగతీ అంతే. తెలుగు సబ్‌టైటిల్స్ పెడితే ఆ ప్లేయర్‌లో తెర మీద వరసగా ఖాళీ గళ్ళు కనపడేవి. మన అక్షరానికి ఒత్తు ఎక్కడ తగిలించాలో, గుడి ఎక్కడ పెట్టాలో లెక్కేసే సాఫ్ట్‌వేర్ వేరే ఉండాలి. ఆ పెట్టె చేసినవాడికి మనం గుర్తే లేం కదా.

ఇప్పుడు రెండో తాళం. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. 2001 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ గేమ్ పెట్టె అమ్మడం మొదలుపెట్టింది. లోపల చూస్తే అది దాదాపు ఒక పీసీనే: 733 మెగాహెర్ట్జ్ ఇంటెల్ ప్రాసెసర్, 64 ఎంబీ ర్యామ్, హార్డ్ డిస్క్, డీవీడీ డ్రైవ్, నెట్‌వర్క్ పోర్ట్. పైగా అది ఉండేది ఎక్కడ? హాల్లో, టీవీకి తగిలించి. అంటే కొత్త భాషలు నేర్చుకోగల కంప్యూటర్ మొదటిసారి లక్షల ఇళ్ళలో టీవీ పక్కకి వచ్చి కూర్చుంది. కాకపోతే మైక్రోసాఫ్ట్ సంతకం చేసిన ప్రోగ్రాములు తప్ప ఇంకేమీ అందులో నడవకూడదని తాళం వేశారు.

కుర్రాళ్ళు ఊరుకుంటారా. మోడ్ చిప్ వేసి తాళం తీసేశారు. 2002లో ఎక్స్‌బాక్స్ మీడియా ప్లేయర్ అని ఒకటి రాశారు. లోపల ఎంప్లేయర్ కోడే వాడుకున్నారు. 2004 జూన్ 29న ఎక్స్‌బాక్స్ మీడియా సెంటర్ 1.0 వచ్చింది, పొట్టిగా ఎక్స్‌బీఎంసీ. గదిలో ఉన్న కంప్యూటర్‌లో ఫైల్ ఉంటే, ఇంటి నెట్‌వర్క్ మీద నేరుగా హాల్లో టీవీ మీద ఆడేది. సీడీ రాయక్కర్లేదు, పొడుగు కేబుల్ అక్కర్లేదు, సోఫాలో కూర్చుని రిమోట్ నొక్కితే చాలు. కొత్త కోడెక్ వస్తే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకోవడమే.

ఇక్కడో తమాషా ఉంది. దీన్ని కంపైల్ చేయాలంటే మైక్రోసాఫ్ట్ గేమ్ కంపెనీలకి మాత్రమే ఇచ్చే టూల్స్ కావాలి. అందుకే ప్రాజెక్ట్ వాళ్ళు సోర్స్ కోడ్ మాత్రమే ఇచ్చేవాళ్ళు, తయారైన ప్రోగ్రామ్ చట్టప్రకారం ఇవ్వలేకపోయేవాళ్ళు. అదే 2002లో మైక్రోసాఫ్ట్ మీడియా సెంటర్ ఎడిషన్ పేరుతో హాల్లో పెట్టుకునే విండోస్ అమ్ముతోంది. ఒకవైపు వాళ్ళు అమ్ముతున్న కల, ఇంకోవైపు వాళ్ళు తాళం వేసిన పెట్టెలోనే ఫ్రీగా నిజమవుతోంది. డివ్‌ఎక్స్ పుట్టింది మైక్రోసాఫ్ట్ తాళం నుంచే. ఎక్స్‌బీఎంసీ పుట్టిందీ మైక్రోసాఫ్ట్ తాళం నుంచే.

తర్వాత అది ఎక్స్‌బాక్స్ దాటి విండోస్, లినక్స్, మ్యాక్, ఆండ్రాయిడ్‌కి వెళ్ళింది. 2014లో పేరు మార్చుకుంది. ఇప్పుడు దాన్ని కోడి అంటున్నాం. నెట్‌వర్క్ సినిమాల కోసం చాలామంది వాడే ప్లెక్స్ కూడా మొదట ఎక్స్‌బీఎంసీ మ్యాక్ వెర్షన్ నుంచి చీలి వచ్చిందే.

చూశారుగా వరస. ప్రతిసారీ ముందు తలుపు తోసింది హాస్టల్ కుర్రాడో, హాబీగా కోడ్ రాసేవాడో. పెద్ద కంపెనీలు వెనకాల వచ్చాయి. వచ్చాక పని ఈజీ అయింది, కాదనను. 2007లో యాపిల్ టీవీ, 2008లో వెస్టర్న్ డిజిటల్ వాళ్ళ చిన్న పెట్టె డబ్ల్యూడీ టీవీ వచ్చాయి. హార్డ్ డిస్క్ గుచ్చితే హెచ్‌డీ ఎంకేవీ కూడా ఆడేది. తర్వాత టీవీలకే యూఎస్‌బీ పోర్ట్ వచ్చేసింది. మా హాస్టల్ కామన్ రూమ్ టీవీకి అదే మహాభాగ్యం. ఒకసారి సీనియర్ దగ్గర 5 జీబీ సినిమా ఉంది, నా పెన్ డ్రైవ్‌లో 8 జీబీ ఖాళీ ఉంది, కానీ ఎక్కదు. ఎందుకు? పెన్ డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంది, అందులో ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు. ఆ రోజు ఫ్లోర్ మొత్తం నా గదికొచ్చి సలహాలిచ్చింది.

తర్వాత 2013 జూలైలో గూగుల్ 35 డాలర్లకి క్రోమ్‌కాస్ట్ తెచ్చింది. దాని పద్ధతి జాగ్రత్తగా చూడండి. మీరు ఫోన్‌లో కాస్ట్ బటన్ నొక్కితే, మామూలుగా ఫోన్ వీడియోని టీవీకి పంపదు. "ఇదిగో అడ్రస్, నువ్వే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకో" అని చెప్తుంది అంతే. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది. డేటా చవకైపోయింది. ఇక ఫైల్‌తో పనేముంది? డౌన్‌లోడ్ అక్కర్లేదు, కోడెక్ గొడవ లేదు, తెలుగు సబ్‌టైటిల్స్ కూడా చక్కగా వస్తున్నాయి. నేనూ సంతోషంగా మారిపోయాను. నా హార్డ్ డిస్క్ ఎక్కడుందో కూడా గుర్తులేదు.

కానీ ఇక్కడ ఒకటి చేజారింది. యాప్‌లో ఉన్న సినిమా రేపు తీసేస్తే లేదు. నెల డబ్బు కట్టకపోతే లేదు. 1999లో జనం వద్దన్న ఆ 48 గంటల డిస్క్ గుర్తుందా? సినిమా మన ఇంట్లో, తాళంచెవి వాళ్ళ దగ్గర. ఇప్పుడు సినిమా కూడా వాళ్ళ దగ్గరే, మనం మాత్రం హాయిగా ఉన్నాం. సినిమాల వరకూ ఫర్వాలేదనుకుందాం. ఇంకెక్కడో దొరుకుతాయి. మరి మా అమ్మమ్మ ఏ యాప్‌లో దొరుకుతుంది?

ఇప్పుడు మళ్ళీ మా హాల్లోకి వద్దాం. ఆ డీవీడీలో సౌండ్ ఏసీ3 పద్ధతిలో ఉంది, అంటే డాల్బీ డిజిటల్. అప్పట్లో డీవీడీలకి అది మామూలే. ఇలాంటి డీకోడర్ పెట్టెలో పెట్టాలంటే కంపెనీలు లైసెన్స్ తీసుకుని డబ్బు కట్టేవి. చవక టీవీల్లో వదిలేయడానికి అదొక కారణం. ఐతే ఏసీ3 పేటెంట్ల గడువు 2017లోనే అయిపోయింది. అందుకని అసలు కారణం వేరే అని నా అంచనా. పెన్ డ్రైవ్‌లో పాత ఫైల్ పెట్టి చూసేవాళ్ళు ఎంతమందిలే అనుకుని ఉంటారు. రిమోట్ మీద యాప్స్‌కి మూడు బటన్లు ఉన్నాయి. యూఎస్‌బీ ప్లేయర్ మాత్రం మెనూలో ఐదు స్టెప్పులు లోపల ఉంది.

వాళ్ళని తిట్టేముందు నా సంగతి చెప్పాలి. ఉద్యోగంలో ఉండగా ఇలాంటి మీటింగుల్లో నేనూ కూర్చున్నాను. "ఈ ఫీచర్ రెండు శాతం మందే వాడుతున్నారు, తీసేద్దాం" అంటే, "ఓకే, తీసేద్దాం" అని నేనే కోడ్ డిలీట్ చేశాను. ఆ రెండు శాతంలో ఎవరుంటారో ఎప్పుడూ ఆలోచించలేదు. సంక్రాంతి నాడు ఆ రెండు శాతం మా అమ్మ.

పరిష్కారం ఏంటంటే, అది కూడా ఫ్రాన్స్ నుంచే వచ్చింది. 2000లో ఫాబ్రిస్ బెలార్ అనే ప్రోగ్రామర్ ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఓపెన్ సోర్స్ టూల్ మొదలుపెట్టాడు. వీడియోకి సంబంధించి దానికి రాని భాష దాదాపు లేదు. అది ఫ్రీ. ఒకే ఒక్క కమాండ్: బొమ్మ గిన్నెని ముట్టుకోకు, సౌండ్ గిన్నెని మాత్రం ఏసీ3 నుంచి ఏఏసీకి మార్చు. బొమ్మని మళ్ళీ కుదించే పని లేదు కాబట్టి క్వాలిటీ పోదు, టైమూ పట్టదు. రాత్రి పదకొండింటికి లాప్‌టాప్ ముందు కూర్చుంటే కాఫీ చల్లారేలోపు అయిపోయింది.

పొద్దున్నే అమ్మని పిలిచాను. "మళ్ళీ ఆ మూగ బొమ్మేనా?" అంటూ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ప్లే నొక్కాను. సన్నాయి వినపడింది. ఆ తర్వాత అమ్మమ్మ. గొంతు కొంచెం జీర, పై స్థాయికి వెళ్ళినప్పుడు ఊపిరి అందట్లేదు. రెండో చరణం మధ్యలో ఆపేసి, కెమెరా అబ్బాయి వైపు తిరిగి, "ఇంక చాల్లే బాబూ, ఎంతసేపు తీస్తావు, వెళ్ళి భోంచెయ్యి, పప్పు చల్లారిపోతోంది" అంది. అమ్మ గట్టిగా నవ్వేసింది. ఆ మాట అన్నట్టు మాలో ఎవరికీ గుర్తులేదు. అమ్మ ఆ ఒక్క ముక్క నాలుగుసార్లు పెట్టించుకుంది. పాట కాదు, పప్పు ముక్క.

ఇప్పుడు మీకో పని. మీ ఇంట్లో బీరువాలోనో, అటక మీదో పెళ్ళి డీవీడీలు, ఫంక్షన్ సీడీలు తప్పకుండా ఉంటాయి. వాటిని ఈ నెలలోనే బయటికి తీయండి. ఇంట్లో రాసిన డిస్కులు శాశ్వతం కాదు, వేడికి, తేమకి పాడవుతాయి. డిస్క్ డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీతో పెట్టుకునే డ్రైవ్ దొరుకుతుంది, లేదా ఎవరి పాత కంప్యూటరో వెతకండి. ముందు డిస్క్‌లో ఉన్నదున్నట్టు మొత్తం కాపీ చేసుకోండి, దాన్ని ఎప్పటికీ డిలీట్ చేయొద్దు. ఆ తర్వాత చూడ్డానికి ఇంకో కాపీ చేసుకోండి: ఎంపీ4 క్యారేజీ, హెచ్.264 బొమ్మ, ఏఏసీ సౌండ్. ఇప్పుడున్న టీవీలు, ఫోన్లు దాదాపు అన్నీ దీన్ని ఆడతాయి. పెన్ డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంటే 4 జీబీ గొడవ కూడా ఉండదు, ముందు మీ టీవీ దాన్ని చదువుతుందో లేదో చూసుకోండి. కనీసం రెండు చోట్ల దాచండి, ఒకటి మీ దగ్గర, ఇంకోటి వేరే ఊళ్ళో ఉన్న చుట్టాల దగ్గర. కమాండ్ లైన్ అంటే భయపడేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఫోన్‌లోనే ఎలా చేయాలో ఇంకో చిన్న వీడియో చేస్తాను.

మీ డిస్క్‌లో ఎవరి గొంతు దొరికిందో, వాళ్ళు ఏమన్నారో కామెంట్స్‌లో రాయండి. అన్నీ చదువుతాను. ఉంటానండి, నమస్తే.